పాత షెడ్డులోకి పోయే మనిషి

ఆ జనవరిలో మా ఇంట్లో నాకొక పని ఉండేది. రోజుకు మూడుసార్లు పాత షెడ్డులోకి పోయి రావడం. ఆ పని నేను తప్ప ఇంకెవరూ చేయకూడదు. ముప్పై ఆరేళ్ల జీవితంలో నేను తప్ప ఇంకెవరూ చేయకూడని పని నాకు దొరికింది అదొక్కటే. దాన్ని నేను ఎంతగా పట్టుకుని వేలాడానో అప్పట్లో నాకు తెలియదు.

మాది పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో చిన్న పల్లె. నాన్న ఉన్నప్పటి నుంచీ పట్టుపురుగులు మేపుతాం. రెండు షెడ్లు. పాతదానికి మట్టిగోడలు, పెంకుల కప్పు. కొత్తది కట్టాక పాతది మల్బరీ కట్టెలు పడేయడానికి మిగిలింది. కరోనా మూడోసారి వస్తోందని టీవీలో మొదలైన వారంలోనే మా అన్న గంగులప్ప ఆ కట్టెలన్నీ బయట వేయించి, షెడ్డంతా కడిగించి, బ్లీచింగ్ పౌడరు చల్లి, గోడలకు సున్నం కొట్టించాడు. గడప ముందు సున్నంతో అడ్డగీత గీశాడు. దాని పక్కన కాళ్లు ముంచడానికి మందునీళ్ల ట్రే పెట్టాడు. తర్వాత అమ్మ మంచం లోపల వేయించాడు.

"పురుగుని ఎట్లా కాపాడుకుంటామో అట్లనే," అన్నాడు. "ఒగే మనిషి లోపలికి పోవల్ల. తిండి ఆ మనిషే తీసకపోవల్ల, గిన్నెలు ఆ మనిషే బయటికి తేవల్ల. ఇంగెవురూ గీత దాటేదానికి లేదు."

"నేనేమి పురుగునారా?" అంది అమ్మ.

"పురుగు కంటే జాస్తి మా నువ్వు. పురుగు సస్తే కుప్పం పోయి ఇంగో బ్యాచ్ తెచ్చుకుంటాం."

అమ్మ నవ్వింది. ఆమె పేరు ఆదిలక్ష్మమ్మ. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. కీళ్లవాతానికి ఆరేళ్లుగా మాత్రలు మింగుతోంది. ఆ మాత్రలు నొప్పితో పాటు ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తిని కూడా తగ్గిస్తాయని డాక్టరు చెప్పాడు. టీకా వేయించుకోలేదు. ఊళ్లో మొదటి క్యాంపు పెట్టిన వారంలో వీధి చివర ఒక ముసలామె సూది వేయించుకున్న రెండో రోజు చనిపోయింది. ఆమెకు ఎప్పటినుంచో గుండెజబ్బు ఉందనీ, ప్రాణం తీసింది అదేననీ డాక్టర్లు చెప్పారు. అమ్మ అదీ విన్నది, ఇదీ విన్నది. క్యాంపుకు మాత్రం పోలేదు.

లోపలికి పోయే మనిషి ఎవరన్న చర్చే జరగలేదు. "సాయి పోతాడు. వానికి వచ్చిపోయింది," అన్నాడు అన్న.

వచ్చిపోయింది. ఆ మాటకు మా ఇంట్లో ఎనిమిది నెలల చరిత్ర ఉంది. 2021 మే నెలలో నేను మదనపల్లె ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద తొమ్మిది రోజులున్నాను. పక్క మంచాలు రెండుసార్లు ఖాళీ అయ్యాయి. నేను తిరిగొచ్చాను. అంతకుముందు ఆ ఇంట్లో నేను ఎవరినో ఎవరికీ స్పష్టంగా తెలియదు. బెంగుళూరులో ఉద్యోగం పోయి వచ్చి, మిద్దె మీది గదిలో పుస్తకాలు చదువుకుంటూ, భోజనానికి పిలిస్తే దిగేవాణ్ణి. "మా తమ్ముడు సదువుకున్నోడు," అని అన్న ఇతరులకు చెప్పేవాడు. ఆ మాటలో ఒక క్షమాపణ ఉండేది. మే నెల తర్వాత ఆ మాట మారింది. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవర్ని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, కరోనాతో పోయిన మనిషిని పాడె మీదికి ఎత్తాలన్నా నన్ను పిలిచేవారు. వచ్చిపోయినవాణ్ణి. నాకు చిన్నప్పటి నుంచీ ఎవరూ ఇవ్వని యోగ్యతాపత్రం జబ్బు ఇచ్చింది.

వదినకూ వచ్చిందని ఇక్కడ చెప్పాలి. సుమలత వదినకు నాకంటే నెల ముందే వచ్చింది. పరీక్షలో పాజిటివ్ అని తేలింది కూడా. కానీ ఆమె జ్వరంలోనూ వంట చేసింది, ఆకు కోసింది, పురుగులకు మేత వేసింది. కాబట్టి అది జబ్బు కింద ఎవరికీ గుర్తు లేదు. ఆ తర్వాత అన్నా వదినా రెండు డోసులూ వేయించుకున్నారు. నేను వేయించుకోలేదు. నాకెందుకు అన్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, సూది వేయించుకుంటే నేనూ అందరిలాంటి వాణ్ణి అయిపోతానన్న భయం నా లోపల ఉందనుకుంటాను. ఆ భయానికి నేను శాస్త్రం పేరు పెట్టుకున్నాను.

అమ్మ పాత షెడ్డులోకి మారిన మూడో రోజు ఏఎన్‌ఎం నిఖత్ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి, వేయించుకోనివాళ్ల పేర్లు రాసుకుంటోంది. గీత అవతలే నిలబడి లోపలికి తొంగిచూసింది.

"ఏమ్మా ఆదిలక్ష్మమ్మా, జైల్లో పెట్టినారా నిన్ను?"

"జైలు గాదు బిడ్డా, పురుగుల్లో పెట్టినారు."

"సూదేయించుకోని ఉంటే ఇంత అగసాట్లు ఉండునా? ఇప్పుడేస్తా, సెయ్యి సాపు."

"ఈ పంట ఇంటికి రానీ. అయినా నాకేం భయం, నా దగ్గిరికి వచ్చేది సాయి ఒగడే. వానికి వచ్చిపోయింది."

నిఖత్ నా వైపు తిరిగింది. "నీకొచ్చి ఎన్ని నెలలప్పా?"

"ఎనిమిది."

"ఎనిమిది నెలలకి ఒళ్లు రవ్వంత మర్సిపోతాది. అదీగాక ఇప్పుడొచ్చేది ఆ పొద్దు నీకొచ్చింది గాదు. మొకం మార్సుకోని వస్తాండాది. మదనపల్లెలో మా నర్సులు ఇద్దరికి రెండో తూరి వచ్చింది."

"మనిషి ఒళ్లు మర్చిపోదు మేడమ్," అన్నాను. "లోపల కొన్ని కణాలు జీవితాంతం గుర్తు పెట్టుకుంటాయి."

"సదివినావా?"

"సదివినా."

"సగం సదివి మూసేసినట్టుండావు. గుర్తు పెట్టుకుంటాయి, నిజమే. నువ్వు మళ్లా ఆక్సిజన్ దాకా పోకుండా సూస్తాయి. జబ్బు వచ్చిపోయినా అంతే, సూదేయించుకున్నా అంతే, ప్రాణం మీదికి రాకుండా ఆపుతాది. వాకిట్లోనే ఆపుతాదని మాత్రం ఎవురూ మాటియ్యలేరు. నీకు జలుబు మాదిరి వచ్చి పోతాది. పోతా పోతా మీ యమ్మని పలకరిస్తాది."

"అయితే సూదెందుకు?"

"జబ్బు వచ్చిపోయినోడు సూది గూడా ఏయించుకుంటే రెండూ కలిసి గట్టిగా నిలబడతాయి గాబట్టి. ఏయించుకోవు గదా నువ్వు? సరే. మాస్కు తియ్యొద్దు. గొంతులో గరగర అంటే ఆ పూట లోపలికి పోవద్దు. నేను సెప్పేది ఇంతే."

ఆమె పుస్తకంలో మా ఇద్దరి పేర్లూ రాసుకుని వెళ్లిపోయింది. 'సగం సదివి మూసేసినట్టుండావు' అన్న మాట నన్ను రెండు రోజులు కొరికింది. ఆమె చెప్పిన జాగ్రత్త మాత్రం ఆ సాయంత్రానికే మరుగున పడింది. మనసు తనను అవమానించిన మాటను దాచుకున్నంత భద్రంగా తనను కాపాడే మాటను దాచుకోదు.

పట్టుపురుగుకు జ్ఞాపకం లేదు. పోయిన పంటలో పాలరోగం వచ్చి తట్టలకు తట్టలు చచ్చినా, ఈ పంట పురుగుకు ఆ సంగతి తెలియదు. అందుకని దాని బదులు మేం గుర్తు పెట్టుకుంటాం. సున్నంతో, బ్లీచింగుతో, కాళ్లు కడుక్కోవడంతో. పురుగుల షెడ్డులోకి పోయే మనిషి ఇంకో షెడ్డు తొక్కడు, మార్కెట్టుకు పోయొచ్చిన బట్టలతో లోపలికి రాడు. మా అన్న ముప్పై ఏళ్లుగా ఈ నియమం తప్పలేదు. అలాంటి మనిషి అమ్మ విషయంలో మాత్రం లోపలికి పోయే నన్నే బయటి పనులకూ పంపాడు. బ్యాంకుకు, మందుల షాపుకు, రద్దీ బస్సులకు. ఎందుకంటే నాకు వచ్చిపోయింది. నేను ఎక్కడికైనా పోవచ్చు. నియమం ఎంత పక్కాగా ఉందో దానిలో రంధ్రం అంత పెద్దది. ఆ రంధ్రం నేనే.

చాకీ పురుగులు తేవడానికీ నన్నే కుప్పం పంపాడు. చాకీ అంటే గుడ్డు పగిలినప్పటి నుంచి రెండుసార్లు చర్మం మార్చుకునేదాకా పెంచిన పిల్ల పురుగులు. వాటిని మేం హఫీజ్ భాయ్ సెంటర్లో తీసుకుంటాం. శనివారం బస్సులో పోయి, అక్కడే పడుకుని, ఆదివారం ఎండ ఎక్కకముందే టెంపోలో బయలుదేరాలి. ఆ శనివారం అమ్మకు రాత్రి అన్నం కూడా ముందే లోపల పెట్టి పోయాను.

హఫీజ్ భాయ్ టీ ఇచ్చాడు. ఆయన గదిలో నలుగురు పనివాళ్లు ట్రేలకు కాగితం కడుతున్నారు. ఇద్దరు దగ్గుతున్నారు.

"మీ యమ్మ ఎట్లుండాది?"

చెప్పాను. పాత షెడ్డు, సున్నం గీత, ట్రే, ఒకే మనిషి. గర్వంగానే చెప్పాను.

"బాగుండాది," అన్నాడు. "ఆ ఒగే మనిషి ఎవురు?"

"నేనే."

ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. "లోపలికి పోయే మనిషివి నువ్వే, ఈడ తిరిగే మనిషివీ నువ్వేనా? నా సెంటర్లో ఎవుడన్నా ఇట్లా సేస్తే ఆ పొద్దే ఇంటికి పంపిస్తా."

"నాకు వచ్చిపోయింది భాయ్."

"అట్లనా," అన్నాడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కారు. ఆయనా చెప్పలేదు.

ఆదివారం పొద్దున పురుగులు తెచ్చి అన్నకు అప్పజెప్పి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ట్రేలో కాళ్లు ముంచి అమ్మ దగ్గరికి పోయాను. సోమవారం వదిన ఏదో పని మీద పుంగనూరు పోయొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం మిద్దె మీది నుంచి చూస్తే, ఆమె పాత షెడ్డు కిటికీ దగ్గర నిలబడి ఉంది. అమ్మ లోపల కిటికీకి వీపు ఆనించి కూర్చుంది. వదిన చువ్వల మధ్యనుంచి చేతులు పెట్టి అమ్మ తల దువ్వుతోంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది. వదిన నియమం తప్పిందని వచ్చిన కోపం అనుకున్నాను. పది రోజులుగా అమ్మ నాతో అలా నవ్వలేదు. కోపం అక్కడిది.

బుధవారం ఉదయం నిద్రలేచేసరికి గొంతులో ఇసుక పోసినట్టుంది.

నీళ్లు తాగాను. పోలేదు. వేడినీళ్లు తాగాను. కిందికి దిగాను. వదిన ఇడ్లీ క్యారియర్ నా చేతికిచ్చింది. పాత షెడ్డు దాకా నడిచి గీత ముందు నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో నాకు అన్నీ తెలుసు. నిఖత్ చెప్పింది తెలుసు, కుప్పంలో దగ్గిన ఇద్దరి ముఖాలు కళ్లముందున్నాయి. వెనక్కి తిరిగి, 'వదినా, ఈ పూట నువ్వు పో' అంటే చాలు. అలా అంటే ఆ పూటతో ఆగదు. నాకు మళ్లీ వచ్చిందంటే నేను వచ్చిపోయినవాణ్ణి కాను. మిద్దె మీది గదిలోకి, ఆ పుస్తకాల్లోకి, భోజనానికి పిలిస్తే దిగే మనిషిలోకి తిరిగిపోవాలి.

కాళ్లు మందునీళ్లలో ముంచాను. చాలా శ్రద్ధగా, రెండు కాళ్లూ. గీత దాటాను.

అమ్మకు చెవులు సరిగా వినపడవు. అందుకని మాట్లాడేటప్పుడు నేను మాస్కు కిందికి లాక్కునేవాణ్ణి. ఆ రోజూ లాక్కున్నాను.

"గొంతేందిరా అట్లుండాది?"

"సున్నం దుమ్ము మా."

ఆమె క్యారియర్ మూత తీసింది. ఇడ్లీ తిన్నది. నేను ఆమె మోకాళ్లకు నూనె రాశాను.

గురువారం ఒళ్లు కొంచెం నొప్పి. శుక్రవారానికి అంతా పోయింది. అంత తేలిగ్గా పోవడం చూసి, అది అసలు రాలేదేమో అనుకున్నాను. వచ్చినా నా ఒళ్లు దాన్ని గుర్తుపట్టి తరిమేసిందని పొంగిపోయాను కూడా. నా ఒంటి వరకు అది నిజమే. శనివారం సాయంత్రం అమ్మ క్యారియర్ మూత తీయకుండానే నా వైపు తోసింది. నుదురు పట్టి చూస్తే కాలుతోంది.

సోమవారం పుంగనూరు ఆసుపత్రిలో ఆమెకు ఆక్సిజన్ ఎనభై ఎనిమిది ఉంది. అందరికీ పరీక్ష చేశారు. అమ్మకు పాజిటివ్, నాకు పాజిటివ్, అన్నకూ వదినకూ లేదు. కౌంటర్లో ఎవరో అడిగారు, ముందు ఎవరికి వచ్చిందని.

"మా యమ్మకి," అన్నాడు అన్న. "అమ్మ దగ్గరుండి సేసినాడు గదా, వీడికి అంటుకున్నాది." ఆయన చేయి నా భుజం మీద పడింది. నా భుజం మీద ఆయన చేయి అంతకుముందు ఎప్పుడు పడిందో నాకు గుర్తులేదు. నేను నోరు తెరవలేదు. దాన్ని అబద్ధం అనుకోలేదు కూడా. ఇంకా ఏమీ చెప్పలేదు, అంతే అనుకున్నాను.

అమ్మను అక్కడే చేర్చి ఇంటికి వచ్చాక, అన్న వాకిట్లోనే వదినను అడిగాడు. "నువ్వేమన్నా గీత దాటినావా?"

వదిన ఒక్క క్షణం కూడా దాచలేదు. "దాటలేదు. మంగళవారం కిటికీలోంచి తల దువ్వినా. పేలు కరుస్తాండాయి, నిద్ర పట్టలేదని ఏడ్సింది ఆయమ్మ."

"అంతకు ముందు దినం యాడికి పోయింటివి?"

"పుంగనూరుకి. నువ్వే గదా పంపిస్తివి?"

"నాకు టెస్టులో రాలేదు గదా," అని ఆమె తర్వాత అంది. దానికి అన్న దగ్గర జవాబుంది. సూదులేయించుకున్నవాళ్లకు తెలియకుండా వచ్చి పోతుందని నిఖత్ చెప్పిందని నేనే ఆయనకు చెప్పాను. సోమవారం తగిలితే మంగళవారానికి ఇంకొకరికి అంటించడం దాదాపు కుదరని పని. అదీ నాకు తెలుసు, చదివాను. చెప్పలేదు.

అన్న అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "కొత్త షెడ్డులోకి రావద్దు నువ్వు," అన్నాడు. "నియమం తప్పిన చెయ్యి పురుగు మీద పడకూడదు."

వదిన పద్నాలుగేళ్లుగా ఆ పురుగులకు మేత వేసింది. అవి ఆకు నమిలే చప్పుడు విని ఆకలితో ఉన్నాయో లేదో చెప్పగల మనిషి. ఆ రోజు నుంచి ఆకు కోసి తెచ్చి, కొత్త షెడ్డు గడప ముందు గీత దగ్గర దించి, తిరిగి పోయేది.

నన్ను ఏడు రోజులు మిద్దె మీద ఉండమన్నారు. మొదటి రోజే నిఖత్ ఫోన్ చేసింది. "ఫారం రాయల్ల. గొంతు గరగర ఏ పొద్దు మొదలైంది?"

"ఆదివారం," అన్నాను.

"మీ యమ్మకి శనివారం, నీకు ఆదివారం," అని రాసుకుంది. తర్వాత అంది. "ఇప్పుడు సెప్పి లాభం లేదు గానీ, మీ ఇంట్లో లోపలికి పోవాల్సిన మనిషి సుమలతప్పా. ఆమెకి జబ్బూ వచ్చింది, రెండు సూదులూ పడినాయి. ఆమె జబ్బు తెచ్చియ్యదని గాదు. తెచ్చే భయం అందరికంటే తక్కువ. నాకప్పుడు తట్టలేదు. ఆమెకి వచ్చినట్టు మీరెవురూ అనలేదు గదా."

వదిన రోజూ క్యారియర్ మెట్ల మీద పెట్టి, రెండు మెట్లు దిగి నిలబడి అమ్మ సంగతి చెప్పేది. తొంభై. తొంభై ఒకటి. మళ్లీ ఎనభై తొమ్మిది. ఆ రోజు చెప్పి పోకుండా నిలబడింది.

"నేను దువ్వకుండా ఉండాల్సింది సాయీ."

నేను అన్నం కలుపుతున్నాను.

"పేలు కరిస్తే కరిసె. సస్తుందా మనిషి పేలు కరిస్తే? నాకే బుద్ధి లేకపాయె." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వయినా సెప్పు. నీకు ముందు ఏమీ లేదు గదా? నీకు ఏమన్నా ఉన్నింటే నాకు రవ్వంత..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. అడగకూడనిది అడిగానన్నట్టు తల దించుకుంది. నేను ఆమెకు ఇవ్వగలిగిన మాట ఒకటే ఉంది. అది నా నోటి దాకా వచ్చింది.

"లేదు వదినా," అన్నాను.

ఆమె తల ఊపింది. ఖాళీ క్యారియర్ తీసుకుని దిగిపోయింది. అంతకుముందు దాకా నేను దాచినవాణ్ణి. ఆ క్షణం నుంచి అబద్ధం చెప్పినవాణ్ణి. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో పుస్తకాల్లో చదివాను గానీ, ఆ దూరం ఒక్క మాటలో దాటిపోతామని తెలియదు.

అమ్మ బతికింది. ఫిబ్రవరి రెండో తేదీ ఇంటికి తెచ్చాం. సగం మనిషయింది. పడకింటి నుంచి వసారాలోకి నడవాలంటే మధ్యలో ఒకసారి కూర్చునేది. మరుసటి రోజు వసారాలో మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది.

"మీ యన్నకి సెప్పొద్దు," అంది.

"ఏంది మా?"

"నీ గొంతు సంగతి."

బయట వదిన కొత్త షెడ్డు ముందు ఆకు దించుతోంది. అమ్మ అటు చూస్తూనే చెప్పింది. "అదేం సున్నం దుమ్ము గాదని నాకు ఆ పొద్దే తెలుసు. నీకు జలుబు పడితే చిన్నప్పటి నుంచీ అదే గొంతు."

"మరి లోపలికి రావద్దని యాల సెప్పలేదు?"

"నువ్వు రాకుంటే నాకు ఎవురొస్తారు?" అంది. తర్వాత, "సెప్పొద్దు నాయనా. వాడు నిన్ను ఇంట్లో ఉండనియ్యడు. సుమకేం, అది తట్టుకుంటాది. కోడలు. మాటలు పడేది దానికి అలవాటే."

ఆమె నా చేయి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు. అయినా నేను విడిపించుకోలేకపోయాను. నాకోసం ఆమె వదినను ఎంత తేలిగ్గా ఇచ్చేసిందో చూశాను. తల దువ్వి, నవ్వించి, ఇప్పుడు స్నానం చేయించి అన్నం పెడుతున్న మనిషిని. ఆ ప్రేమ నాది కావడం ఆ రోజు నాకు మొదటిసారి బరువుగా అనిపించింది.

ఆ మర్నాడు పురుగు పండింది. పండిన పురుగు ఆకు ముట్టదు, తల ఎత్తి గూడు కట్టడానికి చోటు వెతుకుతుంది. ఒళ్లు లేత పసుపు రంగులో మెరుస్తుంది. దాన్ని ఏరి చంద్రిక మీద వేయాలి. చంద్రిక అంటే గుండ్రంగా చుట్టిన వెదురు పట్టీల తడక. ఆలస్యమైతే పురుగు తన పట్టునంతా నేల మీద, గోడల మీద వృథాగా పోసేస్తుంది. ఒక్క రోజు పని, ఎన్ని చేతులున్నా చాలదు. షెడ్డులో అన్న, నేను, కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నాం. మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు. వదిన బయటి నుంచి ఖాళీ చంద్రికలు మోసుకొచ్చి గీత దగ్గర నిలబెట్టి పోతోంది. కూలివాళ్లలో ఒకామె గొణిగింది, "ఆయమ్మ వస్తే ఇద్దరి పని సేస్తాది." అన్న వినిపించుకోనట్టు ఇంకో తట్ట ముందుకు లాక్కున్నాడు.

నేను పురుగులు ఏరుతూనే ఉన్నాను. నిర్ణయం ఏదీ తీసుకోలేదు. అలాంటి నిర్ణయాలు తీసుకున్నట్టు మనుషులు తర్వాత చెప్పుకుంటారు గానీ, నాకు తెలిసి అప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే. పొద్దు గూకేలోపు ఈ పని కాదు.

"అన్నా, అమ్మకంటే ముందు నాకొచ్చింది."

ఆయన చేతిలోని పురుగును చంద్రిక మీద పెట్టాడు. ఇంకొకటి తీశాడు. "ఏంది?"

"కరోనా. అమ్మకి జ్వరం రాకముందే నాకు గొంతు పట్టుకున్నింది. అమ్మకి నా నుంచే వచ్చింది. వదిన నుంచి గాదు."

ఆయన నా వైపు చూశాడు. నేను ఎదురుచూసినదేదీ ఆ ముఖంలో లేదు. అలసట ఉంది. కొంత జాలి కూడా.

"పోనీలేరా," అన్నాడు. "నీకేం తెలుసు? వచ్చిపోయినోడికి మళ్లా వస్తాదని ఎవురనుకున్న్యారు? తెలిసి సేసినావా ఏమన్నా."

అంతే. మళ్లీ తట్ట మీదికి వంగాడు. వదినకు పదకొండు రోజులు పట్టినా దొరకనిది నాకు అర నిమిషంలో దొరికింది. దాన్ని నేను తీసుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది. వదిన లోపలికి వస్తుంది. అమ్మ మాట నిలబడుతుంది. నేను పాపం తెలియక చేసినవాణ్ణి అవుతాను. తల ఎత్తి చూస్తే, వదిన చంద్రిక పట్టుకుని గడప బయట నిలబడి ఉంది. అంతా విన్నది. ఆమె నన్ను చూడడం లేదు. వంగి ఉన్న అన్న వీపును చూస్తోంది.

"తెలుసన్నా," అన్నాను. "గొంతు పట్టుకున్న పొద్దే తెలుసు. తెలిసే లోపలికి పోయినా."

కూలికి వచ్చిన ఆడవాళ్ల చేతులు ఆగాయి. అన్న మెల్లగా నడుము ఎత్తాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు. పురుగుల జిగురు అంటిన చేతులు. వాటిని లుంగీకి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత గడప వైపు చూడకుండానే అన్నాడు.

"సుమా, లోపలికి రా. పురుగు ఆగదు."

"వస్తా," అంది వదిన.

రాలేదు. చంద్రికను గోడకు ఆనించింది. గడప బయటే గొంతుక్కూర్చుని, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య సర్దుకుంది.

"ముందు సాయిని పూర్తిగా సెప్పనీ. ఏ పొద్దు మొదలైంది, ఎన్ని తూర్లు ఆయమ్మ దగ్గిరికి పోయినాడు, మెట్ల కాడ నేనడిగితే నాకేం సెప్పినాడు. అన్నీ సెప్పనీ. నువ్వు విను. నేను గూడా వింటా."

ఆమె గొంతులో కోపం లేదు. పంట ఎలా ఉందని అడిగినట్టు అడిగింది. అన్న తట్ట పక్కన నేల మీద కూర్చున్నాడు. వసారాలో అమ్మ మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. పండిన పురుగులు తలలు ఎత్తి గాలిలో వెతుక్కుంటున్నాయి.

నేను బుధవారం ఉదయం నుంచి మొదలుపెట్టాను.